పద్నాలుగో నంబరు బావి

పోయిన వారం మహితను కాలేజీ ల్యాబులో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాను. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తిట్టుకోవడంలో తప్పేం లేదు, నేనైనా అదే పని చేసేవాణ్ణి.

ఎక్కడున్నామో ఓసారి చెప్పుకుందాం. చిత్తూరులో బీఎస్సీ ఆఖరు ఏడాది చదువుతున్న మహిత, ఆమెకు పర్యావరణ శాస్త్రం చెప్పే గిరిప్రసాద్ సారు కలిసి బంగారుపాళ్యం చుట్టుపక్కల పదహారు బావుల నీటిమట్టం మీద ఓ పరిశోధన పత్రం రాశారు. పదిహేను బావులు వేసవి వస్తే ఎండిపోతున్నాయి. ఒక్క పద్నాలుగో నంబరు బావిలో మాత్రం మూడేళ్లుగా నీళ్లు పైపైకి వస్తున్నాయి. నడివేసవిలో కూడా! వంకకు అడ్డంగా కట్టిన చెక్‌డ్యాం పుణ్యమే అది అని సారు తేల్చేశారు. ఆ బావే పత్రానికి ప్రాణం. రేపు పొద్దున పది గంటలకు తిరుపతి సదస్సులో దాన్ని చదవాల్సింది మహిత. చదివితే, ఈ చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో అదే పద్ధతిలో పని మొదలుపెడతామని అధికారులు మాటిచ్చి ఉన్నారు.

అలాంటిది, పటం గీయడానికని మహిత బావుల గుర్తులు ఫోనులో ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, పద్నాలుగో చుక్క వెళ్లి వెళ్లి రాళ్లమిట్టలో వాళ్ల నాయన మామిడితోటలో కూర్చుంది. ఆ తోటలో ఉన్నది ఒకటే బావి. దాన్ని పూడ్చి నాలుగేళ్లయింది.

లేని బావిలో నీళ్లు ఎక్కడివి? ఆ మాటే అడిగింది మహిత. గిరిప్రసాద్ సారు ముఖం మాడిపోయింది. పది నిమిషాల్లో కారు తీశారు. వెనక సీట్లో ల్యాబు అటెండరు ఏబెల్‌ను ఎక్కించుకున్నారు. పదేళ్లుగా నెలకోసారి మోపెడ్ మీద పదహారు బావులూ తిరిగి, టేపు వేసి, కొలత రాసుకొచ్చేది ఏబెలే.  హైవే మీద గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, వాటి మధ్యలోంచి కారు నత్తలాగా పాకింది.

మధ్యలో ఒక్క ఫోను వచ్చింది. మహిత వదిన రూపశ్రీ. అన్నది నాయుడుపేటలో షిఫ్టు ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. రెండు నెలల పసిబిడ్డతో వదిన రాళ్లమిట్టలో, తోటలోని ఇంట్లోనే ఉంటుంది.

"మహితా, రేపు తిరుపతికి పోయే ముందర ఒకతూరి ఇంటికి రాకూడదా? నీ మేనకోడలి పెదాలు సూడాల నువ్వు! నేరేడుపండ్లు తిన్నట్టే ఉండాయి. అవ్వేమో కాటుక సెయ్యి నోట్లో పెట్టుకోనుంటాది అంటాది."

"నోట్లో పండ్లు రాకముందే నేరేడుపండ్లు తినేసిందా మీ చిన్ని? గడుసుదే! వదినా, పనిలో ఉండాను, మళ్లీ చేస్తా" అని మహిత ఫోను పెట్టేసింది. ఆ పిల్ల మనసంతా పద్నాలుగో నంబరు మీద ఉంది మరి.

తోటలో దిగీదిగగానే మహిత తిన్నగా బావి ఉన్న చోటికి నడిచింది. ఉన్న చోటు అంటే ఏముంది, గుండ్రంగా కాస్త కుంగిన నేల, దాని నిండా పిచ్చిమొక్కలు. చుట్టూ తోతాపురి చెట్లు కాయల బరువుకు కొమ్మలు నేలకు వాల్చి ఉన్నాయి. మహిత ఆ గుంతలో నిలబడి ఏబెల్ వైపు తిరిగింది.

"ఏబెలన్నా, ఒక్కమాట నిజం సెప్పు. ఇంట్లో కూర్చొని రాసినావా ఈ కొలతలు?"

ఏబెల్ సంచీ భుజం మార్చుకున్నాడు.

"మాట్లాడన్నా! నేను కండ్లారా చూసినా. ట్రాక్టర్లతో రాళ్లు, మట్టి తోలి నిలువునా పూడ్చినారు. ఇది బావి అని నువ్వు నెలనెలా కొలతలు రాసిస్తే, మేము దానికి గీతలు గీసుకొని, రంగులేసుకొని, ఊరంతా చెప్పుకొంటిమి. రేపు నేను ఏ ముఖం పెట్టుకొని చదవాల?"

"ఏబెల్," అన్నారు సారు. "మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక నేను పొలాలకు రాలేకపోయాను, నిజమే. కానీ బావి పూడ్చారని ఒక్కమాట నాకు చెప్పాలా వద్దా?"

అప్పుడు తలెత్తాడు ఏబెల్. కోపం కాదు, నొచ్చుకున్నాడు.

"మీరిచ్చిన ఫారంలో నాలుగే గళ్లు సార్. నంబరు, తేదీ, ఎన్నడుగులు, సంతకం. బావి పూడ్చినారా లేదా అని గడి యాడుండాది? మొదుట్లో ఒకతూరి సెప్పబోతిని. నీళ్లు తగల్తాండాయా అంటిరి. తగల్తాండాయి సార్ అంటిని. అయితే రాయప్పా అని ఫోను పెట్టేస్తిరి. ఇంగ నేనేం జెయ్యాల?"

సారు తల దించుకున్నారు. నాకు తెలిసి ఆయన సర్వీసులో అటెండరు ముందు అలా చేయడం అదే మొదలు.

"ఈ పక్కకు రామ్మా," అని ఏబెల్ పిచ్చిమొక్కలు చేత్తో తొలగించాడు. నడుమెత్తున ఓ లావుపాటి ప్లాస్టిక్ పైపు, పైన మూత.

మహిత ఆ పైపును ఎన్నోసార్లు చూసింది. పాత మోటారు పైపేమో అనుకుంది. ఈ వైపు ఊళ్లలో బావిని పూడ్చేటప్పుడు పూర్తిగా మూసెయ్యరు. ఊపిరాడకుండా చేస్తే గంగమ్మ ఇంటిమీద అలుగుతుందని, అడుగునుంచి పైదాకా ఓ పైపు నిలబెట్టి, దాని చుట్టూ మట్టి పోస్తారు. బావికి ఊపిరి గొట్టం అన్నమాట. మహితా వాళ్ల అవ్వ దేవకమ్మ పట్టుబట్టి పెట్టించింది అది. ట్రాక్టర్లు రాళ్లు, మట్టి తెచ్చి దించిన సాయంత్రమే మహిత హాస్టల్‌కు బస్సెక్కేసింది కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఏబెల్ మూత తీసి టేపు వదిలాడు. టేపు చివర చిన్న ఇనుప గిన్నెలాంటి బరువు. నీళ్లకు తగిలితే చప్పుడు చేస్తుంది. 

గుబుక్.

"పదకొండు అడుగుల లోతు," అన్నాడు ఏబెల్. "పోయిన నెల పన్నెండున్నర. నేను రాసింది ఒక్కటి కూడా అబద్ధం కాదమ్మా. సంతకం పెట్టేది నేను గదా."

మహితకు తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయింది అన్నా" అంది, రెండు చేతులూ పట్టుకుని. సారు ముఖం మాత్రం చూడాలి మీరు, దీపం పెట్టినట్టు వెలిగిపోయింది! "చూశావా మహితా! బావి పైన పూడిపోయినా లోపల ఊట ఉంది. చెక్‌డ్యాం నీళ్లు ఇక్కడిదాకా వస్తున్నాయి. రేపు ఈ పైపు సంగతి కూడా చేర్చి చదువు, అందరూ లేచి నిలబడతారు."

అక్కడితో ఆపేసి కారెక్కి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ మహితకు ఓ పాడు గుణం ఉంది. ఒప్పుకున్నాక కూడా ఇంకోసారి చూసుకుంటుంది.

"సార్, పదేండ్లుగా ఎన్నడుగుల్లో ఉండాయనే చూసినాం. ఆ నీళ్లు ఎట్లుండాయో ఎవరన్నా చూసినారా?"

ఎవరు చూస్తారు? ఫారంలో దానికీ గడి లేదు. ఏబెల్ సంచీలోంచి సన్నపాటి సీసా తీసి, మెడకు తాడు, కిందికి రాయి కట్టి పైపులోకి వదిలాడు. నిండాక మెల్లగా లాగాడు. సీసా కంటే ముందు వాసన వచ్చింది.

సారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "యేసయ్యా!" అని ఏబెల్ తాడు చాచిపట్టి మొహం తిప్పుకున్నాడు. సీసాలో ఉన్నవి నీళ్లు కావు. నల్లగా, నురగలు కక్కుతూ, అందులో ఏవేవో తేలుతూ... చెప్పాలంటే నాకే వికారంగా ఉంది. ఏమిటో అడగాల్సిన పని లేని వాసన అది.

"నెలనెలా మూత తీస్తాండా గదమ్మా," అన్నాడు ఏబెల్ పాలిపోయిన ముఖంతో. "వాసన వచ్చేది. మామిడితోట గదా, ఎరువు ఏసినారనుకొంటిని."

సరిగ్గా అప్పుడే చెట్ల మధ్యలోంచి మహిత నాయన మునిరామయ్య వచ్చాడు. కోత పనిలోంచి వస్తున్నాడేమో, తలపాగా, చేతిలో ఓ పెద్ద తోతాపురి కాయ. కూతుర్ని చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏందిమే, సెప్పాపెట్టకుండా వచ్చేసినావు? ఈయన మీ సారా? దండాలు సార్. ఓహో, ఈయప్ప మీ కాలేజీ ఆయనేనా? నెలనెలా వచ్చి టేపేసుకొని పోతావుంటే సర్వే ఆయప్పనుకొంటి!"

"నాయనా," అంది మహిత.  "ఈ పైపులో ఏం పోస్తాండారు?"

మునిరామయ్య తడబడతాడని, నీళ్లు నములుతాడని అనుకుంది మహిత. నేనూ అనుకున్నాను. ఆయన తడబడలేదు. అదీ విడ్డూరం.

"ఎరువు," అన్నాడు. "హైవే మింద హోటళ్లు ఉండాయి గదా, వాళ్ల సెప్టిక్ ట్యాంకర్ నెలకు రెండుతూర్లు వస్తాది. గొట్టం దీంట్లో పెట్టి వదిలేసి పోతారు. వాళ్లకా, పోసేదానికి సోటు లేదు. మనకా, సెట్లకు బలం. పైన పోస్తే ఈగలు, వాసన. లోపలికి పోస్తే వేర్లకే నేరుగా అందుతాది. సూడు సార్, ఆ కాపు సూడు! ఊర్లో అందరి తోటల్లో పిందె రాలిపోయినా మన తోటలో రాల్లేదు."

"ఎన్నాళ్లుగా?"

"మూడేండ్లు అయుంటాది."

మూడేళ్లు. మూడేళ్లుగా పైకి వస్తున్న గీత. దానికి మహితే నీలిరంగు వేసింది. చెక్‌డ్యాం లేదు, ఊట లేదు, హోటళ్ల మరుగుదొడ్ల మురికి. గిరిప్రసాద్ సారు పక్కనున్న చెట్టు మొదలు పట్టుకుని అలాగే కిందికి కూర్చుండిపోయారు. ఆపరేషన్ అయిన మోకాళ్లు వంగకూడదని డాక్టరు చెప్పింది కూడా గుర్తు లేనట్టుంది.

"ఎవరు చెప్పినారు నాయనా నీకు, ఇట్ల చేయమని?" మహిత అరిచింది. "ఏ బుద్ధి లేనోడు చెప్పినాడు?"

మునిరామయ్య కూతురి వైపు వింతగా చూశాడు.

"ఎవురో సెప్పేదేంది? నువ్వే గదా సెప్పినావు."

"నేనా?" అంది మహిత. 

"మరిసిపోయినావా? నువ్వు కాలేజీలో సేరిన కొత్తలో ఫోను జేసి అరగంట సెప్పినావు గదమ్మా. గాజు జాడీలో గులకరాళ్లు, ఇసక, మట్టి ఏసి, పైనించి మురికినీళ్లు పోస్తే కింద తేటగా వచ్చినాయని! నేలకంటే మంచి జల్లెడ లేదు నాయనా, ఏం పోసినా కడిగి ఇస్తాది అంటివి. నాకు ఎంత సంతోషమయిందో! సదువుకున్న బిడ్డ సెప్పిన మాట గదాని, ఆ వారమే ట్యాంకరాయన వచ్చి సోటు అడిగితే సూపించినా. మన బావిలో రాళ్లు, ఇసక, మట్టి అన్నీ ఏసి పెట్టిందే గదా. నువ్వు సెప్పిన జాడీ మాదిరే."

గాలి కూడా ఆగిపోయిందా అనిపించింది మహితకు. అవును, చెప్పింది. అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. మొదటి నెల ల్యాబులో ఆ తేటనీళ్లు చూసి ఒళ్లు పొంగిపోయి, హాస్టల్ వరండాలో నిలబడి నాయనకు చెప్పింది.

"ఆ జాడీ నేను పెట్టిందే," అన్నారు సారు కింద నుంచి. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "ఆ తర్వాతి సోమవారం రెండో సగం చెప్పాను. వారం రోజులు మురికినీళ్లు పోస్తే అదే జాడీ కిందినుంచి ఏం కారిందో చూపించాను. నేల కడిగేది కొంతే, దానికీ ఓ హద్దు ఉందని."

"నల్లగా కారింది సార్," అంది మహిత. "నేను రికార్డులో రాసినా. పదికి పది మార్కులు వేసినారు."

రాసింది. బొమ్మ కూడా గీసింది. నాయనకు మాత్రం మళ్లీ ఫోను చేయలేదు. రెండో సగం పాఠం పరీక్షకే సరిపోయింది, ఇంటిదాకా రాలేదు. ఇలాంటి తప్పు చదువుకున్నవాళ్లం తప్ప ఇంకొకరు చేయలేరు, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే.

"అయితే ఏమయిందమ్మా ఇప్పుడు?" మునిరామయ్య నవ్వు మెల్లగా ఆరిపోతోంది. "నేనేమన్నా తప్పు జేసినానా?"

 మహిత చూపు చెట్ల మధ్యగా అవతలికి పోయింది. అక్కడ, నలభై అడుగుల దూరంలో, ఇంటి బోరు.

కారులో పరీక్ష పెట్టె ఉంది. మహిత పరుగున వెళ్లి తెచ్చింది. బోరు కొళాయి తిప్పితే నీళ్లు అద్దంలా ఉన్నాయి, వాసన లేదు. చిన్న గొట్టంలో పట్టి, పొట్లం చింపి పొడి వేసి, ఊపి పెట్టింది. నీళ్లలో నైట్రేటు ఉంటే గులాబీరంగు తిరుగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. పక్కన పెట్టి పోల్చుకునే అట్టమీద ఆరు రంగులు ఉంటాయి. మూడోదాకా ఫరవాలేదు. రెండు నిమిషాలు గడిచేసరికి గొట్టం ఆరో రంగు కూడా దాటిపోయింది. అట్టమీద దానికి సరిపోయే రంగే లేదు.

"ఈ నీళ్లు ఎవరెవరు తాగుతాండారు నాయనా?"

"ఎవురు తాగుతారుమే ఈ నీళ్లు! రెండేండ్లుగా క్యాన్ నీళ్లే గదా తెప్పిస్తాండాం. నేను, అవ్వ, మీ వదిన, అందురూ అవే. ఇవి స్నానానికి, గిన్నెలకు."

అమ్మయ్య!  ఎవరూ తాగలేదు. పత్రం పోతే పోయింది, పరువు పోతే పోయింది, రేపు తిరుపతిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. సారు చెట్టు పట్టుకుని లేచి వచ్చారు.

"అదొక్కటీ అదృష్టం," అన్నారు. "పెద్దవాళ్లు తాగినా వెంటనే ఏం కాదు గానీ, పసిపిల్లలైతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ నైట్రేటు వాళ్ల నెత్తురును గాలి మోయనివ్వదు. ముందు పెదాలు, గోళ్లు నీలంగా..."

ఆయన మహిత ముఖం చూసి ఆగిపోయారు.

నేరేడుపండ్లు తిన్నట్టే ఉండాయి.

మహిత ఇంటివైపు ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. చెప్పు ఒకటి తోటలోనే ఉండిపోయింది. వాకిట్లో రూపశ్రీ పాలసీసా కడిగి బోర్లిస్తోంది.

"వచ్చేసినావా మహితా! ఏందట్ల రొప్పుతాండావు?"

"వదినా, చిన్నికి డబ్బాపాలు ఏ నీళ్లతో కలుపుతాండావు?"

"ఏ నీళ్లంటే, మన బోరు నీళ్లే. క్యాన్ నీళ్లు పసిబిడ్డకు పడిశం పట్టిస్తాయని అవ్వ వద్దంటే వద్దనింది." మహిత కళ్లు చూసి రూపశ్రీ కంగారుపడింది. "పచ్చినీళ్లు పొయ్యలేదు తల్లీ! నాకు తెలీదా? పెట్టింది సగమయ్యేదాకా మరిగిచ్చే కలుపుతాండా. ఒక్కపూట గూడా తప్పలేదు."

మరిగిస్తే పురుగులు చస్తాయి. నైట్రేటు చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది. ఆ తల్లి ఎంత జాగ్రత్తపడితే బిడ్డకు అంత విషం. ఆ సంగతి వదినకు ఎలా చెప్పాలో మహితకు తోచలేదు. చెప్పేందుకు వేళ కూడా లేదు.

"చిన్ని యాడుండాది?"

"లోపల, ఉయ్యాల్లో. పొద్దున సీసాడు తాగి పడుకొనింది. రెండు దినాలుగా ఏడుపన్నా లేదు మహితా, ఎంత బుద్ధిగా ఉండాదో!"

లోపల అవ్వ దేవకమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని కూనిరాగం తీస్తోంది. మహిత వంగి చిన్ని చెయ్యి బయటికి తీసింది. వేలి గోళ్లు అయిదూ బూడిదరంగు నీలం. పెదాలు అదే రంగు. కాటుక కాదు. మహిత తుడిచి చూసింది, పోలేదు.

"చిన్నీ," అంది. "చిన్నీ!"

బుల్లి అరికాలు గిల్లింది. కదలిక లేదు. ఈసారి గోరు దిగేలా గిల్లింది.

చిన్ని ఏడవలేదు.

వెనక గుమ్మంలో మునిరామయ్య, చేతిలో ఇంకా ఆ మామిడికాయ పట్టుకునే ఉన్నాడు. "ఏందిమే," అన్నాడు నెమ్మదిగా, బిడ్డ లేస్తుందేమోనని గొంతు తగ్గించి. "నిద్దరపోయే బిడ్డను ఎందుకు గిల్లుతాండావు?"